పెద్దయ్యాక లెక్కలు నేర్చుకోవడం: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో పెద్దవాళ్లకు లెక్కలు నేర్పుతుంటాను. కూడికలతో మొదలై శాతాలు, వడ్డీల దగ్గర ముగిసే కోర్సు మాది. బోర్డు మీద అందరికీ కలిపి చెప్పే పాఠం ఉండదు. ఎవరి వర్క్‌బుక్ వారి ముందు ఉంటుంది. ఒక యూనిట్ పరీక్ష గట్టెక్కితేనే తర్వాతి యూనిట్ మొదలుపెట్టాలి. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు (రెండేళ్ల స్థానిక కాలేజీలు) సెల్ఫ్ పేస్డ్ కోర్సు, అంటే ఎవరి వేగంతో వారు సాగే కోర్సు అని నడిపేది ఇలాంటిదే. మా దగ్గరికి పూలు అమ్మే అక్కలు వస్తారు, లాడ్జీల్లో రిసెప్షన్ చూసేవాళ్లు, టైలర్లు, ఆటో నడిపేవాళ్లు, డిగ్రీ అయిపోయి కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్లు వస్తారు. రావాలని ఉండి కూడా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్లను వెనక్కి లాగే మాటలు ఏళ్లుగా అవే. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "నాకు లెక్కల బుర్ర లేదు సార్. పుట్టుకతోనే రాలేదు."

వాస్తవం: ఈ మాట చెప్పేవాళ్లలో చాలామంది రోజంతా లెక్కలు చేస్తూ బతుకుతున్నవాళ్లే. 387 రూపాయల పూలకు రెండు ఐదొందల నోట్లు ఇచ్చామనుకోండి. పూలమ్మే అక్క కాగితం ముట్టుకోదు. "మూడేస్తే మున్నూట తొంభై, పదేస్తే నన్నూరు, ఇంకో ఆర్నూర్లు" అంటూ 613 చేతిలో పెడుతుంది. అదే అక్కకు 1000 – 387 అని రాసిస్తే 1387 అని వేస్తుంది. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి సున్నా తీసింది. ఎనిమిదికీ మూడుకీ అదే చేసింది. వెయ్యిలోంచి తీసేస్తే వెయ్యి కంటే ఎక్కువ ఎలా మిగిలిందని కాగితం మీద ఆమెకు అనుమానం రాలేదు. కొట్టు దగ్గరైతే క్షణంలో వచ్చేది.

బుర్ర ఉందో లేదో అన్న ప్రశ్నకు ఇక్కడ చోటే లేదు. నోటి లెక్కకూ కాగితం లెక్కకూ మధ్య దారి తెగిపోయింది, అంతే. అది తెగింది రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో, స్థాన విలువ చెప్పిన రోజుల్లో. ఆ వారం జ్వరం వచ్చి ఉండొచ్చు, పొలం పనికి వెళ్లి ఉండొచ్చు. దాన్ని అతికించడానికి మేం చేసేది చిల్లర మార్చడమే. వెయ్యి రూపాయలకు తొమ్మిది వంద నోట్లు, తొమ్మిది పది నోట్లు, పది రూపాయి బిళ్లలు తీసుకోండి. మొత్తం వెయ్యే. ఇప్పుడు పది బిళ్లల్లోంచి ఏడు తీస్తే మూడు, తొమ్మిది పదుల్లోంచి ఎనిమిది తీస్తే ఒకటి, తొమ్మిది వందల్లోంచి మూడు తీస్తే ఆరు. 613. బడిలో "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని చెప్పి వదిలేసిన పద్ధతి వెనక ఉన్నది ఈ చిల్లరే. ఇది ఒకసారి కళ్లకు కట్టిందంటే తీసివేతలో తర్వాతి పేజీలు చాలా తొందరగా తిరుగుతాయి.

ఇంకో మాట. పావు, అర, ముప్పావు మనవాళ్ల నాలుక మీదే ఉంటాయి. తెలుగు లెక్కల్లో భిన్నాలను పూర్వం నాలుగేసి భాగాలుగానే రాసేవారు. ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే అక్షరాల పట్టికలో కూడా చోటు దొరికింది. అందువల్లనేమో, పావులో సగం ఎంతంటే అరపావు అని వెంటనే చెప్పేవాళ్లు 1/3, 1/4లలో ఏది పెద్దదంటే తడబడతారు. నాలుగు పెద్దది కదా అంటారు. బజారు ఎప్పుడూ అడగని భిన్నం అది. కాబట్టి మేం భిన్నాలు మొదలుపెట్టేది పావులతోనే. మూడో వంతులు, ఐదో వంతులు ఆ తర్వాతే వస్తాయి.

అపోహ: "సెల్ఫ్ పేస్డ్ అంటే తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చు."

వాస్తవం: ఈ పద్ధతిని మొదటి నుంచీ వేధిస్తున్న చిక్కు వాయిదా వేయడమే. వేగం మీ చేతిలో ఉంటుంది కానీ కోర్సుకు ఒక చివరి తేదీ ఉంటుంది. అమెరికాలో అయితే సెమిస్టర్ ముగిసేలోపు కావాలి. ఇక్కడ బ్యాచ్ ముగిసేలోపు కావాలి. ఓపెన్ స్కూల్ అలవాటు వల్ల కూడా ఈ భ్రమ వస్తుందని నా అభిప్రాయం. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ఒకసారి నమోదైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. అది పరీక్షకు ఇచ్చిన వెసులుబాటు. నేర్చుకోవడానికి అంత ఎడం పనికిరాదు. ఈ నెల భిన్నాలు చూసి మళ్లీ మూడు నెలలకు తెరిస్తే మొదటి పేజీ నుంచి రావాల్సిందే.

రోజూ అరగంట కూర్చునేవాళ్లు ముగిస్తారు. ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటామనేవాళ్లు సాధారణంగా ముగించరు. బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముహూర్తాల సీజన్‌లో మా పూలవాళ్లకు, లాడ్జీవాళ్లకు ఊపిరి ఆడదు. అది తెలిసిందే కాబట్టి అంతకు ముందే ఒక యూనిట్ ముగించి ఆగమంటాను. యూనిట్ మధ్యలో మాత్రం ఆగొద్దు.

అపోహ: "సొంత వేగం అంటే సులువు కోర్సు. అందరినీ పాస్ చేసేస్తారు."

వాస్తవం: మామూలు తరగతిలో ముప్పై ఐదు మార్కులు వస్తే పాస్. అంటే నూటికి అరవై ఐదు వంతులు రాకుండానే పై తరగతికి పోవచ్చు. మన దగ్గర పెద్దవాళ్లకు లెక్కలు రాకపోవడానికి సగం కారణం ఇదే. ఈ పద్ధతిలో ఒక యూనిట్‌లో ఎనభై శాతం దాకా సరిగ్గా చేస్తేనే ముందుకు పంపుతాం. తక్కువైతే ఫెయిల్ అని రాయం. తప్పులు కలిసి చూసి, మళ్లీ సాధన చేయించి, వేరే అంకెలతో ఇంకో పరీక్ష పెడతాం. కాలాన్ని వదులుగా ఉంచి నేర్పును బిగించడం ఇందులోని సూత్రం. బడిలో కాలాన్ని బిగించి నేర్పును వదిలేశారు.

అపోహ: "ఫోన్‌లో యాప్ ఉంటే చాలు, టీచర్ ఎందుకు?"

వాస్తవం: యాప్‌లు మంచివే. సాధనకు నేనూ వాడిస్తాను. కానీ చాలా యాప్‌లు జవాబు తప్పని మాత్రమే చెప్తాయి, మీరు ఏమనుకుని ఆ తప్పు చేశారో అడగవు. ఒక తమ్ముడు 1/2 + 1/3 = 2/5 అని వేశాడనుకోండి. పైవి పైవి, కిందవి కిందవి కూడాడు. ఎర్ర గుర్తు చూసి ఇంకో పది లెక్కలు అలాగే చేస్తాడు. పక్కన మనిషి ఉంటే ఒక్కటి అడుగుతాడు: "2/5 సగం కంటే ఎక్కువా తక్కువా? సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందేం నాయనా?" ఆ ప్రశ్నకు అతను ఆలోచనలో పడితే, హారాలు సమానం ఎందుకు చేయాలో తనంతట తనకే అవసరంగా తోస్తుంది. 3/6, 2/6, మొత్తం 5/6.

పాల కేంద్రంలో ఇచ్చే చీటీ ఇంకో ఉదాహరణ. నిన్న వెన్న 4.15, ఈ రోజు 4.2 అని ఉంటే, పదిహేను పెద్దది కాబట్టి నిన్నటి పాలే చిక్కన అనుకునేవాళ్లు చాలామంది. చుక్క తర్వాతి అంకెలను మామూలు సంఖ్యలా చదవడం వల్ల వచ్చే తప్పు ఇది. 4.20 అని రాసి చూపించేదాకా పోదు. చిత్తూరు పల్లెల్లో ఆవుల మీద ఇల్లు నడిపే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ ఒక్క చుక్క కోసమే వాళ్లు వచ్చినా నాకు సంతోషమే.

1968లో ఫ్రెడ్ కెల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సొంత వేగంతో సాగే చదువు గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఆయన చెప్పిన పద్ధతిలోనూ పరీక్ష దిద్ది, విద్యార్థితో కూర్చుని మాట్లాడే మనిషి ఉన్నాడు. ఆ మనిషిని తీసేసి మిగతాది ఉంచుకుంటే కోర్సు కుంటుపడుతుంది.

అపోహ: "ఎక్కాలు ఇరవై దాకా అప్పజెప్పలేనివాళ్లు చేరకూడదు."

వాస్తవం: పది దాకా కూడా అక్కర్లేదు. ఏడెనిమిదులు గుర్తుకు రాకపోతే, ఐదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, మొత్తం యాభై ఆరు. ఇలా కట్టుకుంటూ పోతే ఎక్కాలు వాడుకలోనే వచ్చేస్తాయి.

అపోహ: "ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది. ఇవన్నీ ఇప్పుడెందుకు?"

వాస్తవం: క్యాలిక్యులేటర్ మీరు నొక్కింది చేస్తుంది. ఏం నొక్కాలో మీకు తెలియాలి, వచ్చింది నమ్మొచ్చో లేదో కూడా మీకే తెలియాలి. 4,250 రూపాయల బిల్లుకు 18 శాతం జీఎస్టీ ఎంత? పది శాతం 425. ఇరవై శాతం 850. అందులోంచి రెండు శాతం, అంటే 85 తీస్తే 765. ఇది నోటితో అయిపోయే లెక్క. చుక్క ఎక్కడో తప్పు పెట్టి 76.5 వచ్చినా, 7,650 వచ్చినా, నోటి లెక్క ఉన్నవాళ్లు వెంటనే ఆగుతారు. లేనివాళ్లు కట్టేస్తారు.

వడ్డీల దగ్గర సంగతి ఇంకా గట్టిది. మన వైపు వడ్డీ నూటికి నెలకు ఇంత అని చెప్పుకుంటాం. బ్యాంకువాళ్లు ఏడాదికి శాతం చెప్తారు. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం. "బ్యాంకులో పన్నెండంట, బయట రెండే కదా" అనుకుని బయట తెచ్చుకున్నవాళ్ల గోడు నేను విన్నాను. డ్వాక్రా గ్రూపు పుస్తకం రాసే అమ్మాయిలకైనా ఈ రెండు భాషల మధ్య మారకం కచ్చితంగా రావాలి.

ఆటో ఫైనాన్స్‌లో ఫ్లాట్ రేటు అని ఒకటుంది. 60,000 అప్పు, 12 శాతం ఫ్లాట్, పన్నెండు నెలలు. వడ్డీ 7,200. మొత్తం 67,200ను పన్నెండుతో భాగిస్తే నెలకు 5,600. చూడ్డానికి సరిగ్గానే ఉంది. కానీ ఆరు నెలలకు అసలులో సగం మీరు తిరిగి కట్టేశారు, వడ్డీ మాత్రం ఇంకా మొత్తం అరవై వేల మీదే పడుతోంది. అదే 12 శాతం తగ్గుతున్న బాకీ మీద వేస్తే ఏడాది వడ్డీ నాలుగు వేలలోపే. ఇంకోలా చెప్పాలంటే ఆ 12 శాతం ఫ్లాట్ అంటే నిజానికి ఏడాదికి 21 శాతం పైమాటే. ఈ తేడా పట్టుకోవడానికి కావాల్సింది కూడిక, గుణకారం, శాతం. బీజగణితం అక్కర్లేదు. శాతాల యూనిట్‌లో నేను ఎక్కువ రోజులు ఉంచేది ఇక్కడే, ఎవరు తొందరపెట్టినా సరే.

అపోహ: "ఇది చిన్నపిల్లల చదువు. నలుగురూ చూస్తే సిగ్గు."

వాస్తవం: యూనివర్సిటీలు ఇన్ని ఉన్న ఊళ్లో ఈ సిగ్గు ఎక్కువే, నాకు తెలుసు. కానీ మా బల్లల దగ్గర డిగ్రీ చదివినవాళ్లు కూడా కూర్చుంటారు. 612ను 6తో భాగించి 12 అని వేసేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు, మధ్యలో సున్నా మింగేసి. ఆరు వందలకు పైన ఉన్నదాన్ని ఆరు మందికి పంచితే తలా పన్నెండేనా అని అడిగితే నవ్వి 102 వేస్తారు.

ఇక చిన్నపిల్లల చదువు అన్నదాని సంగతి. 30 అడుగులు, 40 అడుగుల స్థలం తీసుకోండి. 1,200 చదరపు అడుగులు. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు కాబట్టి 33 అంకణాలు, ఇంకో మూడో వంతు. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు, అక్కడ అదే స్థలం పదహారు అంకణాలు, మూడింట రెండు వంతులు. సెంటు 435.6 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో 12.1 అంకణాలు. భాగహారం, భిన్నం, దశాంశం మూడూ ఒక్క రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నాయి. దీన్ని ఏ చిన్నపిల్లవాడు చేస్తాడు?

అపోహ: "ఈ కోర్సు చేస్తే డిగ్రీకి క్రెడిట్లు కలుస్తాయి."

వాస్తవం: కలవవు. పిల్లల దగ్గరికో, భర్త దగ్గరికో అమెరికా వెళ్లి అక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేరాలనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. అక్కడ అరిథ్మెటిక్ (అంకగణితం) కాలేజీ స్థాయికి కింది కోర్సు. ఫీజు ఉంటుంది, సాధారణంగా డిగ్రీ లెక్కలోకి రాదు. అలాంటి కింది కోర్సులు ఒకదాని వెనక ఒకటి పెట్టడం వల్ల చాలామంది మధ్యలోనే ఆగిపోతున్నారని గ్రహించి, కాలిఫోర్నియా 2017లో ఒక చట్టం చేసింది. వీలైనంత మందిని నేరుగా కాలేజీ స్థాయి లెక్కల్లో కూర్చోబెట్టి, పక్కనే సాయం అందించమని దాని సారం. నాకది సబబుగానే తోస్తుంది. కాబట్టి మీకు అవసరమైన యూనిట్లు మాత్రమే చేయండి. మొదట పెట్టే పరీక్షలో దశాంశాలు బాగా వచ్చాయని తేలితే ఆ యూనిట్ దాటించమని అడగండి.

ఇక్కడి సంగతి వేరు. ఓపెన్ స్కూల్లో లెక్కలు తీసుకోకుండానే పది పాసయ్యే వీలుంది, చాలామంది అలాగే పాసయ్యారు. వాళ్లకు సర్టిఫికెట్ ఉంది, లెక్క లేదు. కానిస్టేబుల్ ప్రిలిమినరీ సిలబస్‌లో అరిథ్మెటిక్ కనిపించినప్పుడు మా దగ్గరికి వస్తారు. నోటిఫికేషన్ పడకముందే రండి.

చేరే ముందు ఏ సెంటర్‌లోనైనా మూడు విషయాలు అడగండి. మొదటి పరీక్ష పెట్టి నా స్థాయి చూస్తారా? యూనిట్ పరీక్ష తప్పితే మళ్లీ ఎన్నిసార్లు రాయనిస్తారు? నేను సాధన చేసేటప్పుడు గదిలో టీచర్ ఉంటారా, లేక వీడియో పెట్టి వెళ్లిపోతారా? మూడో దానికి జవాబు నసిగితే చేరొద్దు.

వచ్చేటప్పుడు గళ్ల నోటుబుక్కు తెచ్చుకోండి, అంకెలు ఒకదాని కింద ఒకటి కుదురుగా పడతాయి. పెన్నుతోనే రాయండి. రబ్బరు వద్దు. తప్పు పోయిన వరుస చెరిపేస్తే అది ఎక్కడ మొదలైందో చూసే వీలు నాకు ఉండదు.