ఇంటిపేరు వెంట కాదు, పొలం వెంట నడవాలి: రైతు వంశాల వెతుకులాటలో అపోహలు - వాస్తవాలు

“మాది జమీందార్ల వంశమేం కాదండీ, దుక్కి దున్నుకుని బతికినవాళ్లం. మా ముత్తాత తండ్రి పేరు ఏ కాగితంలో ఉంటుంది చెప్పండి?” నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది ఇలాగే మొదలుపెడతారు. మిగతా సగం అటు చివర ఉంటారు: “మా పూర్వీకులు కృష్ణదేవరాయల సైన్యంలో పనిచేశారు, ప్రూఫ్ ఒక్కటి వెతికిపెట్టండి చాలు.”

పాత రెవెన్యూ, రిజిస్ట్రేషన్ రికార్డులు చదవడం నా వృత్తి. మొదట్లో భూమి తగాదాల్లో వకీళ్లకు లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత దస్తావేజులు) వెతికిపెట్టేవాణ్ణి. ఇప్పుడు వంశవృక్షాల పనే ఎక్కువగా వస్తోంది. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పిందే చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: రాజులకు, జమీందార్లకే రికార్డులుంటాయి. మామూలు రైతు పేరు ఎవరు రాస్తారు?

శిస్తు వసూలు చేసేవాడు రాస్తాడు. 1820 నుంచి 1827 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో పట్టుబట్టి నిలబెట్టిన రైత్వారీ పద్ధతిలో మధ్యలో జమీందారు ఉండడు, సర్కారు లెక్క నేరుగా రైతుతోనే. ఏ పొలానికి ఎవరు ఎంత కట్టాలో రాసుకోకపోతే ఆ పద్ధతి ఒక్క ఏడాది కూడా నడవదు. 1850ల చివర మొదలై ఒక్కో జిల్లాలో సర్వే, సెటిల్‌మెంట్ (భూమి కొలిచి శిస్తు ఖరారు చేయడం) జరిగాయి. సుమారు ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ రీసెటిల్‌మెంట్. అప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టరునే మనవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ అంటారు, రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు, మెట్టా మాగాణా, నీటి వనరు, నేల తరం, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు వరసగా ఉంటాయి. (ఒకాయన నకలు తెచ్చి, తరం గడిలో 6 అంకె చూపించి “ఇదిగో, మేం ఆరో తరం” అన్నారు. అది నేల తరగతి అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కానీ చెప్పాను.)

అయితే ఇది అన్ని ఊళ్లకూ వర్తించదు. ఉత్తర సర్కారుల్లో (కోస్తా జిల్లాల్లో) 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటి జమీందారీల్లో సర్కారుకు తెలిసింది జమీందారు పేరే. రైతుల పేర్లు దివాణం లెక్కల్లో ఉండేవి, వాటిలో చాలా భాగం వర్షానికి తడిసో చెదలు పట్టో పోయాయి. అలాంటి చాలా ఊళ్లలో సర్కారు తనంతట తాను రైతుల పేర్లు రాసుకున్నది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. అందుకే ఎవరొచ్చినా నేను ఇంటిపేరు అడగను. మీ ఊరు సర్కారుదా, జమీందారీదా, ఇనామా (శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన మాన్యమా) అని అడుగుతాను. ఆ జవాబుతోనే మన పని నెలలో తేలుతుందో, ఏళ్లు పడుతుందో తెలిసిపోతుంది.

అపోహ: ఇనాం రికార్డులు బ్రాహ్మలవి, గుళ్లవి. మాకెందుకు?

ఇది విన్నప్పుడల్లా నాకు అయ్యో అనిపిస్తుంది. 1858లో మద్రాసు సర్కారు ఇనాం కమిషన్ వేసి, మాన్యం అనుభవిస్తున్న ప్రతివాణ్ణీ నీకిది ఎలా వచ్చింది, ఎవరి ద్వారా వచ్చింది అని అడిగింది. ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో మొదట పొందినవాడి పేరు, ఇప్పుడు అనుభవించేవాడి పేరు, వయసు, ఇద్దరి మధ్య చుట్టరికం రాశారు. 1860 ప్రాంతంలో అరవై ఏళ్లవాడు దొరికాడంటే మనం 1800కు చేరినట్టే! చెరువు తవ్వించి బాగోగులు చూసినందుకు రైతులకిచ్చిన దశబంధం ఇనాములు రాయలసీమలో చాలా ఉన్నాయి. తలారి, మంగలి, చాకలి, వడ్రంగి చేసిన సేవకు ఇచ్చిన మాన్యాలూ ఇందులోనే ఉంటాయి. ఇంటి పొలాన్ని ఇప్పటికీ ‘మాన్యం చేను’ అని పిలుచుకునే వాళ్లు ముందు ఈ రిజిస్టర్ చూడండి.

అపోహ: పట్టాలో ఫలానా ఏడాది పేరుంది కాబట్టి అప్పటికి ఆయన బతికున్నట్టే.

ఈ అపోహకు నేనే బలయ్యాను. కృష్ణా డెల్టాలో ఒక కుటుంబం. రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో మూడు సర్వే నంబర్లకు పట్టాదారు వెంకయ్య. ఇంట్లో పెద్దావిడ కూడా “మా మామగారి తండ్రి వెంకయ్య” అంది. పేరు కలిసింది, ఊరు కలిసింది. చార్టు గీసి ఇచ్చేశాను, డబ్బులూ తీసుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత వాల్యూములు తిరగేస్తుంటే అదే ఊరి క్రయ దస్తావేజు ఒకటి కనిపించింది. రాసిచ్చినవాడు సుబ్బయ్య కుమారుడు వెంకయ్య. అందులో ఒక వాక్యం: మా తాతగారైన వెంకయ్య గారి పేరున నేటికీ పట్టా నడుచుచున్న భూమి. అంటే రిజిస్టర్‌లోని వెంకయ్య ఎప్పుడో పోయిన తాత. పెద్దావిడ చెప్పిన వెంకయ్య ఆయన మనవడు. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు వల్ల వెంకయ్య, సుబ్బయ్య, వెంకయ్య, సుబ్బయ్య అని వరస నడిచింది. నేను ఇద్దరు వెంకయ్యల్ని ఒక్కణ్ణి చేసి, మధ్యలో ఒక సుబ్బయ్యను మింగేశాను. ఫోన్ చేసి చార్టు తప్పని చెప్పి, కొత్తది ఊరికే గీసి ఇచ్చాను.

శిస్తు కడుతున్నంత కాలం పట్టా పేరు మార్చమని ఎవరూ తొందరపెట్టేవారు కాదు. చనిపోయిన ముప్పై నలభై ఏళ్లకు కూడా పట్టా ఆయన పేరునే నడిచేది. ఉమ్మడి కుటుంబంలోనైతే పెద్దాయన పేరొక్కటే ఉంటుంది, తమ్ముళ్లు కనబడరు. కౌలుదార్లు, పాలేర్లు అసలే కనబడరు. ఆడవాళ్లు వితంతువులైతే తప్ప అరుదు. ఇక పేరు గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవి కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చిన ‘చుక్కల భూములు’ ఇవే. చుక్కలున్నాయంటే అక్కడ ఎవరూ సేద్యం చేయలేదని అర్థం చేసుకోకండి.

ఆ దస్తావేజు నాకు ఇంకోటి కూడా నేర్పింది. అందరూ దస్తావేజులో రాసిచ్చినవాడి పేరు, తండ్రి పేరు చూసి మూసేస్తారు. అసలు సరుకు హద్దుల్లో ఉంటుంది. తూర్పు: రామయ్య భూమి. పడమర: డొంక. ఉత్తరం: కోటయ్య వగైరాల భూమి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పొలాన్ని పక్కపక్కన ముక్కలుగా చీల్చుకుంటారు కదా. కాబట్టి హద్దుల్లో ఉన్న రామయ్య, కోటయ్య చాలాసార్లు దాయాదులే. వాళ్ల దస్తావేజులు తీస్తే వాటి హద్దుల్లో మనవాడు ఉంటాడు. నాలుగైదు దస్తావేజుల హద్దులు ఒక కాగితం మీద గీసుకుంటే, పంపకానికి ముందు ఒకటిగా ఉన్న చేను దానంతట అదే బయటపడుతుంది. ఆ చేను ఎవరిదో ఆయనే మూలపురుషుడు. మనుషుల పేర్లు తిరిగి తిరిగి అవే వస్తాయి, పొలం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అపోహ: ఒకే ఇంటిపేరు ఉంటే ఒకే వంశం.

కాదు. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేర్లు ఆ ఊరు వదిలి వెళ్లిన అందరికీ అంటుకుంటాయి, కులంతో నిమిత్తం లేకుండా. ఒకే ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉండటం మామూలే. పైగా ఇల్లరికం ఒకటుంది. కొడుకులు లేని రైతు అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆస్తి రాసిస్తే, పొలం ఒక ఇంటిపేరు నుంచి ఇంకో ఇంటిపేరుకు దూకుతుంది. రెడ్లలో, కమ్మవారిలో ఉన్న ఈ ఇల్లటం ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 19వ శతాబ్దంలోనే గుర్తించింది. పట్టాదారు ఇంటిపేరు ఉన్నట్టుండి మారితే అమ్మకం అని తేల్చేయకండి, అల్లుడేమో చూడండి. దత్తతలోనూ ఇదే చిక్కు.

అపోహ: పెద్దవాళ్లు చెప్పేవన్నీ కట్టుకథలు. లేదా, పెద్దవాళ్లు చెప్పారంటే అది నిజమే.

రెండూ తప్పే. ముసలావిడ “ధాత కరువులో మా వాళ్లు ఈ ఊరు వచ్చారట” అంటే నేను వెంటనే రాసుకుంటాను. ధాత నామ సంవత్సరం అంటే 1876-77, దక్షిణాదిని ఊడ్చేసిన కరువు. అయితే అరవై ఏళ్ల చక్రం కాబట్టి 1816-17 కూడా ధాతే. గుంటూరు వైపు నందన కరువు, డొక్కల కరువు అంటే 1832-33. కరువు మాట చెప్పకుండా సంవత్సరం పేరు ఒక్కటే చెబితే అరవై ఏళ్లు అటూ ఇటూ అయిపోతుంది.

వంశరాజ్‌ల సంగతీ చెప్పాలి. రైతు కులాల గోత్రాలు, వంశాలు నోటితో చెబుతూ ఊరూరా తిరిగినవాళ్లు వీళ్లు. వాళ్లను పాత పేరుతో పిలిచి చిన్నచూపు చూశాం కానీ, ఏ కచ్చేరీలోనూ దొరకని తోబుట్టువుల పేర్లు వాళ్ల పాటలో దొరుకుతాయి. పైతరాలకు వెళ్లేకొద్దీ వీరులు, రాజులు వచ్చి చేరతారు. కింది నాలుగైదు తరాల వరకు మాత్రం నేను శ్రద్ధగా వింటాను, విని కాగితాలతో సరిచూస్తాను.

అపోహ: తెలంగాణ రికార్డులు ఉర్దూలో ఉంటాయి, దొరికినా లాభం లేదు.

లాభం లేకపోవడమేంటి! సేత్వార్, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ, చౌఫస్లా, ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, ఇవన్నీ భూమి, శిస్తు రికార్డులే. నిజాం రెవెన్యూ శాఖ పేర్లు బాగానే రాసింది. కష్టమల్లా లిపితోనే. గుమాస్తాలు వేగంగా రాసే ఉర్దూలో చుక్కలు సగం ఎగిరిపోతాయి. ‘ప’కు కింద మూడు చుక్కలు, ‘బ’కు ఒకటే. ఆ చుక్కలు లేకపోతే పోచయ్య బోచయ్య అవుతాడు, బుచ్చయ్య కూడా అవుతాడు. అందుకే ఒక్క రికార్డు చదివి పేరు తేల్చను. ఖాస్రాలో అదే సర్వే నంబరు దగ్గర ఏ పేరుందో చూసి అక్కణ్ణుంచి వెనక్కి వస్తాను. తేదీలు ఫసలీల్లో (శిస్తు లెక్కల సంవత్సరాల్లో) ఉంటాయి, ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలుపుకోండి. మద్రాసు వైపూ ఇదే లెక్క. ఫసలీ 1300 అంటే 1890-91. పాత దఫ్తరాల కోసం హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు, మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ బోర్డు కాగితాల కోసం చెన్నై ఎగ్మోర్‌కు వెళ్లాలి.

అపోహ: ఇప్పుడంతా ఆన్‌లైన్ కదా.

ఆంధ్రలో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే. అంతకు ముందువి చేత్తో రాసిన ఇండెక్సులు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తులతో. రెండోదానితో మొదలుపెట్టండి, కారణం పైన చెప్పాను. ఇంకో సంగతి, జిల్లా. ఒంగోలు వైపు ఊరైతే 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు, 1970 నుంచి ఇప్పటి ప్రకాశం. “గుంటూరు రికార్డ్ రూమ్‌లో లేదన్నారు” అని చాలామంది వెనక్కి వచ్చేస్తారు. 1890 నాటి కాగితం గుంటూరు పేర ఎలా ఉంటుంది? అప్పటికి ఆ జిల్లాయే లేదు.

జనాభా లెక్కల్లో చూడమని కొందరంటారు. 1871 నుంచి లెక్కలున్నాయి, అంకెలే మిగిలాయి, ఇంటింటి పేర్ల కాగితాలు ఉంచలేదు. జనన మరణాలకు మద్రాసు చట్టం 1899లో వచ్చింది. మీ ఊరి రిజిస్టర్ బతికుంటే అదృష్టం.

అపోహ: కూలికి సముద్రం దాటి పోయినవాళ్ల జాడ ఉండదు.

అసలు అందరికంటే బాగా ఉన్నది వాళ్లదే. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయల్దేరింది. నేటాల్ (డర్బన్ ఉన్న దక్షిణాఫ్రికా ప్రాంతం) ఓడల జాబితాల్లో ఒక్కొక్కరికీ తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా రాశారు. మారిషస్‌కు పోయినవాళ్ల కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఊళ్లో పొలంతో ఉండిపోయిన అన్న గురించి పేరు తప్ప ఏమీ దొరకదు. పొలం లేక ఓడెక్కిన తమ్ముడికి మచ్చ ఏ చెంప మీద ఉందో కూడా దొరుకుతుంది. ఊళ్ల పేర్ల స్పెల్లింగులు మాత్రం గుమాస్తా చెవిని బట్టి ఉంటాయి, పైకి చదివి చూడాలి.

అపోహ: డబ్బు పెడితే పది పన్నెండు తరాలు తీయొచ్చు.

రైత్వారీ ఊళ్లో కాగితం చూపించి నేను చెప్పగలిగేది మామూలుగా ఐదు, మహా అయితే ఆరు తరాలు. ఇనాం ఉంటే ఇంకొకటి. ఆపైన గడి ఖాళీగా వదిలేస్తాను. పోయినేడాది ఒకాయనకు అలాగే పైగడి ఖాళీగా ఉంచి చార్టు ఇస్తే ముఖం చిన్నబుచ్చుకున్నారు. తర్వాత ఇంకెవరి దగ్గరో కాకతీయుల నాయకుడి దాకా గీయించుకున్నారట. అది ఇప్పుడు వాళ్ల హాల్లో ఫ్రేము కట్టి ఉంది. నాది బీరువాలో ఉందని వాళ్లబ్బాయి చెప్పాడు, దస్తావేజుల నకళ్లతో సహా.