షాంఘై వీధి నుంచి తెర మీదికి

చైనా తొలినాటి సినిమా అనగానే 1930ల నాటి వామపక్ష చిత్రాల గురించే ఎక్కువగా చెబుతారు. అంతకుముందు వచ్చినవి కాలక్షేపం సరుకని చాలాకాలం పక్కన పెట్టేశారు. అది అన్యాయం. ఊరు వదిలి షాంఘై చేరిన మామూలు మనిషి ఎలా బతికాడో ఆ సినిమాల్లోనే కనిపిస్తుంది.

మొదట్లో అక్కడ సినిమాకంటూ వేరే హాలు లేదు. టీ తాగుతూ గారడీలు, పాటకచేరీలు చూసే చోటే ఈ కదిలే బొమ్మలూ వేసేవారు. జనం వాటిని 'యింగ్‌షీ' అన్నారు, అంటే నీడలాట. తోలుబొమ్మలాటకున్న పాత పేరే కొత్త యంత్రానికీ వచ్చింది. 1908లో ఆంటోనియో రామోస్ అనే స్పెయిన్ దేశస్థుడు షాంఘైలో సినిమా కోసమే ఒక హాలు కట్టాడు. 1922లో జాంగ్ షిచువాన్, జెంగ్ జెంగ్‌చ్యూ తదితరులు మింగ్‌షింగ్ అనే సినిమా కంపెనీ పెట్టారు.

ఆ ఏడాది వాళ్లు తీసిన 'శ్రామికుడి ప్రేమ' అరగంట కూడా ఉండదు. పూర్తిగా మిగిలిన చైనా కథాచిత్రాల్లో ఇదే పాతది. హీరో వడ్రంగం మానేసి పళ్లు అమ్ముకుంటుంటాడు. పుచ్చకాయను కోసేది రంపంతోనే! ఎదురుగా వైద్యుడి కొట్టు, ఆయనకో కూతురు. పేషెంట్లు రాక దిగాలుపడ్డ ఆ వైద్యుడు, తన గిరాకీ పెంచినవాడికే పిల్లనిస్తానంటాడు. పళ్లబండివాడి ఇంటి పైన రాత్రంతా గోల చేసే క్లబ్బు ఒకటి ఉంది. వాడు దాని మెట్లను జారుడుబల్లగా మార్చేస్తాడు. దిగినవాడల్లా జర్రున జారి, మూలుగుతూ వైద్యుడి దగ్గరికి వస్తాడు. ఇరుకు వీధి, నిద్రపోనివ్వని పొరుగు, చేతిలోని పాత పనితనం, కొత్త బేరం: షాంఘై మొత్తం ఆ మెట్ల మీదే ఉంది.

తర్వాత పెద్ద పెద్ద థియేటర్లు లేచాయి. 1930లలో షాంఘై జనాభా 30 లక్షలు దాటింది. తారల ఇంటి గొడవలు పేపర్లకు రోజువారీ సరుకయ్యాయి. 1934లో ఆయ్ షియా అనే నటి ఆత్మహత్య చేసుకుంది. ఆమె జీవితం ఆధారంగా వచ్చిన 'కొత్త స్త్రీ'లో రువాన్ లింగ్‌యూ నటించింది. అందులో పత్రికలవాళ్లను చూపిన తీరు మీద విలేకరులు మండిపడి కత్తిరింపులు కోరారు. అప్పటికే రువాన్ మీద ఆమె పాత సహచరుడు వేసిన కేసు కోర్టులో ఉంది, పేపర్లు ఆమెను వదల్లేదు. సినిమా విడుదలైన కొన్ని వారాలకే, 1935 మార్చి 8న, ఆమె కూడా ప్రాణం తీసుకుంది. అప్పటికి వయసు 24. అంత్యక్రియల రోజు షాంఘై వీధులు జనంతో నిండిపోయాయి.