కృష్ణా జలాల వివాదం: 811 టీఎంసీల వెనుక ఉన్న చరిత్ర

కృష్ణా జలాలపై ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య నడుస్తున్న వివాదాన్ని పోటీ పరీక్షల అభ్యర్థులు చాలామంది 2014 నాటి పునర్విభజన చట్టం దగ్గర నుంచి చదవడం మొదలుపెడతారు. అలా చదివితే ఉమ్మడి రాష్ట్ర వాటా అయిన 811 టీఎంసీలు, దాని పంపకమైన 512, 299, ఆ చట్టంలోని సెక్షన్ 89 అనే అంకెలు గుర్తుంటాయి గాని, ఆ 811 ఎక్కడి నుంచి వచ్చింది, నది రాష్ట్రంలోకి అడుగుపెట్టే పాలమూరుకు (మహబూబ్‌నగర్‌కు) దానిలో అంత తక్కువ భాగం ఎందుకు దక్కింది, రాయలసీమ ప్రాజెక్టులు నికర జలాలు (కేటాయింపుతో హక్కుగా దక్కే నీరు) లేకుండా మిగులు జలాల (ఆ కేటాయింపులకు మించి పారే నీటి) మీద ఎందుకు ఆధారపడవలసి వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు దొరకదు. మెయిన్స్ వ్యాసంలో మార్కులు తెచ్చేవి ఈ ప్రశ్నలే. నది ఎవరి నేల మీదుగా ఎంత దూరం పారిందన్న దానికంటే, ఎవరు ముందుగా ఆనకట్ట కట్టి నీటిని వాడుకలోకి తెచ్చారన్నదే కృష్ణా పంపకాలను ఎక్కువగా నిర్ణయించిందని ఈ చరిత్ర చెబుతుంది.

ముందుగా కొలత విషయం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. సుమారు 11,574 క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) ప్రవాహం ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం దాదాపు 2.59 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో అత్యధిక భాగం కర్ణాటకలో ఉండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది సుమారు 29 శాతం.

ఈ నదిపై పెద్ద ఎత్తున ఆధునిక నీటిపారుదల డెల్టాలోనే మొదలైంది. విజయవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అంటే ఎగువ ప్రాంతాల్లో ప్రాజెక్టులు కాగితాల మీద ఉన్న రోజులకే డెల్టా రైతుకు శతాబ్దపు వాడుక ఉంది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రాయలసీమ నాయకులకు ఈ అంతరం ముందే తెలుసు. అందుకే 1937 నవంబర్ 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే ఆపై కూడా, రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇవ్వాలన్న షరతు పెట్టించారు. రాజధాని, విశ్వవిద్యాలయం గురించిన షరతులను మాత్రమే గుర్తుపెట్టుకుని నీటి షరతును వదిలేయడం అభ్యర్థులు తరచూ చేసే పొరపాటు. నిజానికి నేటి వివాదానికి ఆ ఒడంబడికలో అన్నిటికంటే దగ్గరగా ఉన్నది నీటి షరతే.

స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నా పథకాన్ని ముందుకు తెచ్చింది. సిద్ధేశ్వరం ప్రాంతం నుంచి కృష్ణా నీటిని పెన్నాకు, అక్కడి నుంచి దక్షిణానికి మళ్లించాలన్నది దాని సారాంశం. కృష్ణా నీరు తమిళ ప్రాంతాలకు తరలిపోతుందన్న ఆందోళనతో కోస్తా నాయకులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండ వద్ద జలాశయాన్ని సిఫారసు చేసింది. అక్కడే 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ వెలిసింది. కుడి, ఎడమ కాలువల కింద లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి. కానీ సిద్ధేశ్వరం ఆలోచన మూలనపడడంతో రాయలసీమకు కృష్ణా నీరు అందే తొలి అవకాశం చేజారింది. ఆ ప్రాంతపు అసంతృప్తిని కేవలం భావోద్వేగంగా తీసిపారేయడం న్యాయం కాదనడానికి ఈ ఒక్క మలుపే చాలు.

పాలమూరు కథ ఇంకో దారిలో నడిచింది. హైదరాబాద్ రాష్ట్రం ఎగువ కృష్ణ, భీమ, తుంగభద్ర ఎడమ కాలువ పథకాల ద్వారా మహబూబ్‌నగర్‌కు నీరు ఇవ్వాలని తలపెట్టింది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటుతో రాయచూరు, గుల్బర్గా ప్రాంతాలు మైసూరు రాష్ట్రానికి వెళ్లడం వల్ల ఆ కాలువల తలలు ఒక రాష్ట్రంలో, తోకలు మరో రాష్ట్రంలో ఉండిపోయాయి, పథకాలు ఆగిపోయాయి. పక్కనే రెండు నదులు పారుతున్నా వలసలకు పేరుపడ్డ జిల్లాగా మహబూబ్‌నగర్ మిగిలిపోవడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

రాజ్యాంగంలో నీరు రాష్ట్ర జాబితాలోని 17వ అంశం. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలోని 56వ అంశం. అధికరణం 262 కింద పార్లమెంటు 1956లో అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం చేసింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో నది కొత్త సరిహద్దుల మధ్య పడగా, కేంద్రం నియమించిన గుల్హాటీ సంఘం 1962లో నివేదిక ఇచ్చింది. 1963 మార్చిలో కేంద్ర మంత్రి హఫీజ్ మహమ్మద్ ఇబ్రహీం మహారాష్ట్రకు 400, మైసూరుకు 600, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలని తాత్కాలిక పంపకం ప్రకటించారు. ఎగువ రాష్ట్రాలు దాన్ని ఒప్పుకోలేదు. చివరకు 1969 ఏప్రిల్ 10న జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన ట్రైబ్యునల్ ఏర్పడింది.

బచావత్ ట్రైబ్యునల్‌ను అర్థం చేసుకుంటే ఈ వివాదంలో సగం అర్థమైనట్టే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. 75 శాతం లభ్యత ప్రకారం, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక దొరికే నీరుగా, నదిలో 2,060 టీఎంసీలు ఉన్నాయని అది తేల్చింది. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే పునరుత్పత్తి జలాల కింద వరుసగా 25, 34, 11 టీఎంసీలు కలపడంతో అవి 585, 734, 811 అయ్యాయి. పరీవాహక ప్రాంతంలో మూడో వంతు కూడా లేని ఆంధ్రప్రదేశ్‌కు అన్నిటికంటే పెద్ద వాటా రావడానికి కారణం, 1960 సెప్టెంబర్ నాటికి ఉన్న, చేపట్టిన వినియోగాలను రక్షించాలని ట్రైబ్యునల్ పెట్టుకున్న సూత్రం. ఆంధ్రప్రదేశ్ వాటా 800లో 749.16 టీఎంసీలు ఇలా రక్షణ పొందిన వినియోగాలే. మిగిలిన దానిలో 33 టీఎంసీలు శ్రీశైలంలో ఆవిరి నష్టం, 17.84 టీఎంసీలు మహబూబ్‌నగర్‌లోని జూరాల ప్రాజెక్టు. ఈ మూడూ కలిపితే సరిగ్గా 800. కొత్తగా సేద్యానికి కేటాయించింది ఒక్క జూరాలకే. అది కూడా, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వల్ల మహబూబ్‌నగర్ ప్రజలు సాగునీటి అవకాశాన్ని పోగొట్టుకోకూడదని ట్రైబ్యునల్ స్వయంగా భావించి ఇచ్చింది.

శ్రీశైలం విషయంలో ఇంకో సంగతి ఉంది. దాన్ని ట్రైబ్యునల్ జలవిద్యుత్ ప్రాజెక్టుగానే పరిగణించింది, కనుక అక్కడి నుంచి కాలువల ద్వారా సేద్యానికి మళ్లించేందుకు నికర జలాలు లేవు. కానీ 2,060 మీద పారే మిగులు జలాలను దిగువ రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చని, వాటిపై హక్కు మాత్రం ఏర్పడదని బచావత్ చెప్పింది. ఈ స్వేచ్ఛను ఆధారం చేసుకునే తర్వాతి ప్రభుత్వాలు తెలుగుగంగ, హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ, కల్వకుర్తి, నెట్టెంపాడు పథకాలను చేపట్టాయి. అంటే పాత వాడుకల రక్షణలో చోటు దొరకని రాయలసీమ, ప్రకాశం, పాలమూరు మెట్ట ప్రాంతాలన్నీ హక్కు లేని నీటిపై ప్రాజెక్టులు కట్టుకోవలసి వచ్చింది. వీటిని పరస్పరం శత్రువులుగా చూపే వాదనలు ఎక్కువగా వినబడతాయి. పత్రాలను చూస్తే మాత్రం ఇవన్నీ ఒకే సూత్రం వల్ల వెనకబడిన ప్రాంతాలని తెలుస్తుంది.

బచావత్ తీర్పు 1976 మే 31న గెజిట్‌లో వెలువడింది. 2000 మే 31 తర్వాత సమీక్షించవచ్చని అందులోనే ఉంది. దాని ప్రకారం 2004 ఏప్రిల్‌లో జస్టిస్ బ్రిజేష్ కుమార్ అధ్యక్షతన రెండో ట్రైబ్యునల్ వచ్చింది. అది 75 శాతం దగ్గర ఆగకుండా 65 శాతం లభ్యతను తీసుకుని 2,293 టీఎంసీలను, ఆపైన సగటు ప్రవాహమైన 2,578 టీఎంసీల వరకు మిగులును కూడా పంచింది. 2013 నవంబర్ 29 నాటి తుది నివేదిక ప్రకారం మహారాష్ట్రకు 666, కర్ణాటకకు 907, ఆంధ్రప్రదేశ్‌కు 1,005 టీఎంసీలు. ఆలమట్టి డ్యామ్‌లో నీటి నిల్వ ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుకునేందుకు కర్ణాటకకు అనుమతి దొరికింది. ఆంధ్రప్రదేశ్‌కు అదనంగా వచ్చినట్టు కనిపించే 194లో 150 టీఎంసీలు, బచావత్ ఇదివరకే అనుమతించిన క్యారీఓవర్ నిల్వే (ఒక ఏడాది నీటిని తర్వాతి ఏడాదికి దాచుకునే నిల్వ). మిగులు జలాలను ఎగువ రాష్ట్రాలకు పంచడంతో వాటిపై కట్టిన దిగువ ప్రాజెక్టులు ప్రశ్నార్థకమవుతాయి కాబట్టి రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తుది నివేదికకు ముందే, 2011 సెప్టెంబర్ 16న, ట్రైబ్యునల్ నిర్ణయాన్ని గెజిట్‌లో ప్రచురించవద్దని కోర్టు ఆదేశించింది. కేంద్రం ప్రచురించిన తర్వాతే తీర్పు రాష్ట్రాలకు వర్తిస్తుంది, సెక్షన్ 6 కింద దానికి సుప్రీంకోర్టు డిక్రీతో సమాన బలం వస్తుంది. కనుక బ్రిజేష్ కుమార్ అంకెలను అమలులో ఉన్న కేటాయింపులుగా రాయకూడదు. అమలులో ఉన్నది ఇప్పటికీ బచావత్ తీర్పే.

2014 విభజన ఈ పాత కట్టడం మీద పడింది. పునర్విభజన చట్టం కింద అత్యున్నత మండలి, కృష్ణా, గోదావరి నదీ యాజమాన్య బోర్డులు ఏర్పడ్డాయి. సెక్షన్ 89 బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ గడువును పొడిగించి, ప్రాజెక్టుల వారీ కేటాయింపులు, నీరు తక్కువైన సంవత్సరాల్లో పాటించవలసిన విధివిధానం అనే రెండు పనులను అప్పగించింది. తెలంగాణ 2014 జూలైలోనే 1956 చట్టంలోని సెక్షన్ 3 కింద ఫిర్యాదు చేసి, నాలుగు రాష్ట్రాల మధ్య మొత్తం నీటిని కొత్తగా పంచాలని కోరింది. 2016 అక్టోబర్ 19న ట్రైబ్యునల్ సెక్షన్ 89 విచారణ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకే పరిమితమని నిర్ణయించింది. ఈలోగా 2015 జూన్‌లో కేంద్రం సమక్షంలో ఒక్క ఏడాదికి అనుకున్న తాత్కాలిక ఏర్పాటులో 512 టీఎంసీలు ఆంధ్రప్రదేశ్‌కు, 299 తెలంగాణకు అని రాసుకున్నారు. ఆ ఒక్క ఏడాది ఏర్పాటే ఆ తర్వాత ఏళ్ల తరబడి వాడుకకు ఆధారమైంది.

ఇక్కడ రెండు రాష్ట్రాల వాదనల తీరు గమనించదగినది. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహక ప్రాంతంలో 68.5 శాతం తమదే కాబట్టి వాటా ఆ మేరకు ఉండాలని తెలంగాణ అంటుంది. దశాబ్దాలుగా నీరు పారుతున్న ఆయకట్టును కదల్చకూడదని ఆంధ్రప్రదేశ్ అంటుంది. ఉమ్మడి రాష్ట్రం ఒకప్పుడు కర్ణాటక, మహారాష్ట్రల ముందు వినిపించింది ఈ రెండో వాదనే. ఆనాడు ఎగువ రాష్ట్రాలు ఆశ్రయించింది మొదటి వాదన.

2020లో వివాదం తీవ్రమైంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. శ్రీశైలం నీటిని రాయలసీమ వైపు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ నుంచి చెప్పుకోదగినంత నీరు తీసుకోవాలంటే 854 అడుగుల మట్టం ఉండాలి. ఆ మట్టం నిలిచే రోజులు తగ్గుతున్నాయంటూ 800 అడుగుల దగ్గర నుంచే రోజుకు 3 టీఎంసీలు ఎత్తిపోసే రాయలసీమ ఎత్తిపోతల పథకానికి ఆంధ్రప్రదేశ్ మే నెలలో ఉత్తర్వులిచ్చింది. శ్రీశైలం నుంచే నీరు తీసుకునే పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలను 2015లోనే తెలంగాణ మొదలుపెట్టి ఉంది. రెండింటినీ పర్యావరణ అనుమతి లేకుండా ముందుకు తీసుకువెళ్లవద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. 2021 వేసవి చివర తెలంగాణ జలాశయాల వద్ద పూర్తిస్థాయి విద్యుదుత్పత్తికి దిగింది. సాగుకు నిల్వ చేయవలసిన నీరు వృథాగా పోతోందని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. కేంద్రం జూలై 15న బోర్డుల పరిధిని నోటిఫై చేసినా ప్రాజెక్టుల అప్పగింత పూర్తి కాలేదు. 2023 నవంబర్ 30న, తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజున, నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచిన దృశ్యం ఈ అప్పగింత జరగకపోవడం వల్ల వచ్చినదే.

అంతకు ముందు నెలలోనే, 2023 అక్టోబర్ 4న, కేంద్ర మంత్రివర్గం ఉమ్మడి రాష్ట్ర వాటాను రెండు రాష్ట్రాల మధ్య పంచేందుకు బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు అదనపు విచారణాంశాలు ఇవ్వాలని నిర్ణయించింది. ఇందుకు వీలుగా తెలంగాణ 2021లో సుప్రీంకోర్టులోని తన పిటిషన్‌ను ఉపసంహరించుకుంది. బచావత్ పంపకాన్ని తిరగదోడడానికి ఇది దారి తీస్తుందంటూ ఆంధ్రప్రదేశ్ ఆ నిర్ణయాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 2025 జనవరిలో ట్రైబ్యునల్ సెక్షన్ 89 విచారణ కంటే ముందు ఈ కొత్త అంశాలపైనే వాదనలు వింటానని చెప్పింది. రక్షిత వినియోగాలుగా బచావత్ లెక్కించిన 749.16 టీఎంసీలను అలాగే ఉంచి మిగతాది మాత్రమే సర్దాలా, లేక 811 మొత్తాన్నీ పరీవాహక ప్రాంతం, మెట్ట ప్రాంతాల అవసరం వంటి ప్రమాణాలతో మళ్లీ పంచాలా అన్నది ఆ వాదనల్లో తేలవలసిన అంశం.