ఊరికి పోతే అన్నీ సర్దుకుంటాయా? పల్లె కథల గురించి అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్లుగా ఊరి కథలు రాస్తున్నాను. ఎవుసం, తెగిపోయిన చుట్టరికాలు, విరిగిన మనసు కుదుటపడటం, ఇవే నా వస్తువులు. ఉండేది హనుమకొండలో, పుట్టింది పరకాల దిక్కు. ఇలాంటి కథలు రాయడం సులువనుకుని కొత్తవాళ్లు తెచ్చే రాతప్రతులు చూశాక కొన్ని చెప్పాలనిపించింది.

అపోహ: మనుషులు ముఖ్యం, పంట సంగతి ఎట్లున్నా నడుస్తుంది.

వాస్తవం: ఈ దెబ్బ నేనే తిన్నాను. దసరాకు ఇంటికొచ్చిన కొడుకు కళ్లంలో ఎర్రటి మిర్చి రాశి పక్కన కూర్చుని ఏడ్చాడని రాశాను. అచ్చయిన వారానికే నర్సంపేట వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "అన్నా, దసరకు మిర్చి ఏడ పండింది? మాకాడ ఇంకా పూతే ఉన్నది." నిజమే, ఆగస్టులో నారు నాటితే ఏరేది జనవరి నుంచి. కొడుకు ఏడ్చిన సంగతి ఆయన పట్టించుకోనే లేదు.

అపోహ: పంట పండితే కష్టాలు తీరినట్టే.

వాస్తవం: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక్క రాత్రి మిర్చి బస్తాల మీద పడుకుంటే ఈ భ్రమ పోతుంది. పొద్దున జెండా పాటలో, అంటే మొదటి వేలంలో, పలికిన ధరే పేపర్లో వస్తుంది. అది దక్కేది మేలురకం సరుకుకే. మిగతావాళ్లకు రంగు పోయిన తాలు కాయలనో తేమనో కోత పడుతుంది. పత్తికైతే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గిస్తారు, 12 దాటితే కొనరు. మన రచయితలేమో జెండా ధరతో అన్ని బస్తాలనూ గుణించి ఒక్క పేరాలో అప్పు తీర్చేస్తారు. మందుల షాపు ఉద్దెర, కౌలు పైసలు ఎవరు కట్టాలి?

అపోహ: పెద్దవాళ్లు నాలుగు మంచి మాటలు చెబితే మనసులు కలుస్తాయి.

వాస్తవం: పంపకాల దగ్గర మాటలు ఆగిపోయిన అన్నదమ్ముల కథ ఒకటి రాశాను. మొదటి రాతలో పెద్దమ్మ వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి రెండు పేజీలు బుద్ధి చెప్పింది. చదువుతుంటే నాకే ఆవలింత వచ్చింది. మా ఇళ్లలో అట్లా ఎవరు మాట్లాడతారు? మా బాపు పోయిన ఏడాది మా కాకా చేసిందల్లా రోజూ పొద్దున వచ్చి "తిన్నవారా?" అని అడిగి పోవడమే.

కొట్టేసి మళ్లీ రాశాను. వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైన 2018 జనవరికి ముందటి కాలం. ఉమ్మడి బావి, ఆ రాత్రి వంతు తమ్ముడిది. వాడు జ్వరంతో లేవలేదు. అర్ధరాత్రి మోటరు నడిచే త్రీఫేజ్ కరెంటు వచ్చింది. అన్న బ్యాటరీ లైటు పట్టుకుపోయి మోటరు వేశాడు, పారతో గండి తీసి తమ్ముడి మడికి నీళ్లు తిప్పాడు. తెల్లారి తమ్ముడు వెళ్లేసరికి మడి నిండి ఉంది. గట్టు మీద బురదలో అడుగులు. ఎడమ అడుగుకు చిటికెనవేలు లేదు. చిన్నప్పుడు అన్నకు ఆ వేలు తెగినప్పుడు పక్కనున్నది తానే. ఇంటికొచ్చి భార్యతో "పెద్దోళ్లింటికి చెంబెడు పాలు పంపు" అన్నాడు. అంతే.

అపోహ: యాసలో రాస్తే మట్టి వాసన వస్తుంది.

వాస్తవం: రాదు. ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకుని గోళ్ల పక్కన చీరుకుపోతాయని తెలియని పాత్ర, ఎన్ని "ఏందిర"లు అన్నా పట్నం పాత్రే.

అపోహ: ధైర్యం చెప్పే కథ చదివిస్తే దిగులు పోతుంది.

వాస్తవం: 1998 ప్రాంతంలో పత్తి పోయి వరంగల్ జిల్లా రైతులు పురుగుమందు తాగిన రోజులు చూసినవాళ్లం. చావబోయినవాడు మొలకను చూసి మనసు మార్చుకున్నాడని నేను రాయను. నా కథలో భార్య మందు డబ్బాలు తీసుకుపోయి అన్న ఇంట్లో దాచిపెడుతుంది, అతన్ని ఆటోలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోతుంది. మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా ఒక పాత్రతో చెప్పించాను. "ప్రకటనలా ఉంది, తీసేద్దాం" అన్నాడు సంపాదకుడు. తీయనన్నాను.