లీటరు ఆవిరి ఖరీదు

నాలుగేళ్ల కిందట అద్దె ఇల్లు మారాం. కొత్తింట్లో మొదటి వారమంతా పప్పు ఉడకలేదు. మూడు విజిల్స్‌కి మెత్తబడే కందిపప్పు ఆరు వచ్చినా పప్పుగుత్తి కింద నుంచి జారిపోయేది. తప్పు కిరాణా కొట్టతనిదే అనుకున్నాం. ఆ పప్పు పక్కన పెట్టేసి, ఇంకో కొట్లో కిలోకి ఇరవై రూపాయలు ఎక్కువిచ్చి మరో రకం తెచ్చాం. అదీ అంతే. చివరికి పై ఇంటావిడ లిఫ్టు దగ్గర తేల్చేశారు: "బోరు నీళ్లు పోస్తున్నారా? ఈ బిల్డింగులో ఆ నీళ్లకి ఎవరికీ ఉడకదండీ. పప్పుకి మటుకు క్యాన్ నీళ్లు పొయ్యండి."

నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం పొద్దున ఒకే కుక్కర్లో రెండు చిన్న స్టీలు గిన్నెలు పెట్టాను. రెండింట్లోనూ అదే పప్పు, అరకప్పు చొప్పున. ఒకదాంట్లో బోరు నీళ్లు, రెండోదాంట్లో క్యాన్ నీళ్లు. ఏది ఏదో మర్చిపోకుండా క్యాన్ నీళ్ల గిన్నెలో ఒక పచ్చిమిర్చి వేశాను. మంట ఒకటే, విజిల్స్ ఒకటే. మూత తీశాక చూస్తే, పచ్చిమిర్చి ఉన్న గిన్నెలో పప్పు గరిటె తగలగానే ముద్దయింది. రెండోదాంట్లో బద్దలు బద్దలుగానే ఉన్నాయి. ఒక బద్ద వేళ్ల మధ్య నొక్కితే పైన మెత్తగా, లోపల పలుకుగా ఉంది.

పప్పు ఉడకడం అంటే నిజానికి రెండు పనులు. బద్ద లోపలి పిండి పదార్థం నీళ్లు పీల్చుకుని ఉబ్బాలి. దాంతోపాటు, ఒక కణాన్ని ఇంకో కణానికి అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరగాలి. జిగురు కరిగితేనే పప్పు మెదుగుతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి పోయి పెక్టిన్ పోగులను ఒకదానికొకటి ముడేస్తాయి. ఆ ముడి పడితే వేడికి ఓ పట్టాన కరగదు. గీజర్ కాయిల్ మీద, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టించేది కూడా ఆ కాల్షియం, మెగ్నీషియాలే. మీ ఇంట్లో కెటిల్ అడుగు తెల్లబడుతుంటే పప్పు సంగతి అడగనక్కర్లేదు. అందుకే పాతకాలం వాళ్లు స్నానానికో బావి, వంటకో బావి అని విడిగా పెట్టుకున్నారు. "ఆ ఊరి నీళ్లకి పప్పు ఉడకదు" అన్నది పిల్లనిచ్చేటప్పుడు కూడా ఆలోచించాల్సిన విషయమే మరి.

పప్పు పాతబడినా ఇదే గొడవ. వేడీ తేమా ఉన్న చోట నెలల తరబడి నిలవుంటే, గింజలో ఫైటేట్ అనే పదార్థం విరిగిపోతుంది. అప్పటిదాకా అది పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియం విడుదలై, పోయి పెక్టిన్‌ని పట్టుకుంటాయి. అంటే బోరు నీళ్లు బయటి నుంచి చేసే పనిని పాత పప్పు తనలో తనే చేసుకుంటుంది. పాత బియ్యం కొనాలి, కొత్త పప్పు కొనాలి. ఆఫర్లో చవగ్గా వస్తోందని పది కిలోలు ఎత్తుకొచ్చే ముందు ప్యాకెట్ మీద తేదీ చూడాలి. కిలో మీద మిగిలిన పది రూపాయలూ స్టవ్ దగ్గర ఎదురు కట్టాల్సి వస్తుంది. కొన్ని ప్రాంతాల కందిపప్పుకి పేరు రావడంలో ఈ ఉడికే గుణానిది పెద్ద వాటా. 2022లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకు అనే అధికారిక గుర్తింపు) దక్కిన తాండూరు కందిపప్పు సంగతి తెలిసిందే.

ఏడాదికి సరిపడా కొని దాచుకునే ఇళ్లలో కందిపప్పుకి ఆముదం పట్టించి ఎండబెట్టడం చూసే ఉంటారు. ఆ పల్చటి పొర పురుగు గుడ్లకి గాలాడకుండా చేస్తుంది. గింజ మీద గుడ్డు పెట్టడం కూడా పురుగుకి కష్టమవుతుంది. ఎండ పని వేరు, తేమ తీసేయడం. తేమ తగ్గితే పురుగు పెరగదు, నేను చెప్పిన ఆ ఫైటేట్ వ్యవహారమూ నెమ్మదిస్తుంది. డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు వేసి, మూత సరిగ్గా పెట్టక వదిలేస్తే మాత్రం లాభం లేదు.

చింతపండు ఎప్పుడు వెయ్యాలన్నదీ ఇందులోంచే వస్తుంది. పులుపులో పెక్టిన్ గట్టిగా ఉంటుంది. పప్పు మెదిగాకే చింతపండు రసం పొయ్యమని అమ్మ చెప్పింది అందుకే. టమాటా పప్పు అన్నీ కలిపి కుక్కర్లో పడేసినా ఉడుకుతుంది, ఎందుకంటే అక్కడ వేడి ఎక్కువ, టమాటా పులుపు తక్కువ. పప్పు పాతదని అనుమానం ఉంటే మాత్రం టమాటాలు పైన చిన్న గిన్నెలో విడిగా పెట్టడం మేలు. తినే సోడా చిటికెడు వేస్తే పులుపుకి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసి పప్పు ఇట్టే మెత్తబడుతుంది గానీ, బి1 విటమిన్ దెబ్బతింటుంది, రుచీ సబ్బు వాసనకి తిరుగుతుంది. నేను వెయ్యను.

ఇక గ్యాస్ సంగతి. ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి.

లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు కాగడానికి 70 కిలోక్యాలరీలు చాలు. అదే లీటరు నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఉండి పూర్తిగా ఆవిరైపోవడానికి 540 కిలోక్యాలరీలు కావాలి. అంటే దాదాపు ఎనిమిది రెట్లు. స్కూల్లో దీన్ని బాష్పీభవన గుప్తోష్ణం అని బట్టీ పట్టాం, మార్కులూ తెచ్చుకున్నాం, వంటింట్లోకి మాత్రం తీసుకురాలేదు. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టిన పద్ధతి కూడా వంటింటి పద్ధతే. ఒకే మంట మీద నీళ్లు పెట్టి, మరగడానికి ఎంతసేపు పట్టింది, మరిగాక పూర్తిగా ఇగిరిపోవడానికి ఎంతసేపు పట్టింది అని పోల్చి చూశాడు. రెండో సమయం మొదటిదానికి ఎన్నో రెట్లు వచ్చింది. అంతసేపూ నీటి వేడి మాత్రం ఒక్క డిగ్రీ పెరగలేదు.

దీన్ని రూపాయల్లోకి మారుద్దాం. కిలో ఎల్పీజీ మండితే సుమారు 11,000 కిలోక్యాలరీలు వస్తాయి. అందులో గిన్నెకి చేరేది కొంతే. ఐఎస్ఐ మార్కు స్టవ్‌కి కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలని రూలు, అది ల్యాబులో మాట. ఇంట్లో ఫ్యాన్ గాలీ, సగం మూసుకుపోయిన బర్నర్ కన్నాలూ కలిపి 60 శాతం అనుకుందాం. ఆ లెక్కన లీటరు నీళ్లు మరిగించడానికి పది, పదకొండు గ్రాముల గ్యాస్ పడుతుంది. అదే లీటరు ఆవిరి చెయ్యడానికి ఎనభై గ్రాములు దాటుతుంది. 14.2 కిలోల సిలిండర్ మీకు 45 రోజులు వస్తోందంటే రోజుకి సుమారు 315 గ్రాములు వాడుతున్నట్టు. అంటే ఒక రోజు గ్యాస్‌లో పావు వంతు కేవలం లీటరు ఆవిరికే సరిపోతుంది. సిలిండర్ 900 అనుకుంటే, లీటరు ఆవిరి ఖరీదు అయిదు రూపాయల పైమాట.

మన ఇంట్లో లీటరు ఆవిరి ఎక్కడ పోతోందని చూసుకుంటూ వెళ్తే చాలా చోట్లే దొరుకుతుంది. తాగే నీళ్లు కాచేటప్పుడు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం ఉంచితే సూక్ష్మజీవులు చస్తాయి. "ఇంకాస్త మరగనీ" అని పావుగంట వదిలితే నీళ్లు అంతకన్నా శుభ్రం అవ్వవు, బిందెలోంచి తగ్గుతాయంతే. పులుసులో ముందు రెండు గ్లాసులు ఎక్కువ పోసేసి, పల్చనైందని అరగంట మరిగిస్తాం. తర్వాత వేడినీళ్లు కొద్దికొద్దిగా కలుపుకోవడం ఎప్పుడూ చవక. పాలకోవా లాంటివాటిలో ఇగరబెట్టడమే వంట, అక్కడ తప్పదు. ఆవిరికి డబ్బు కట్టి కోవా కొనుక్కుంటున్నాం అనుకోవాలి.

ముఖ్యంగా, నీళ్లు మరగడం మొదలయ్యాక పెద్ద మంట వల్ల ఒరిగేదేమీ లేదు. చిన్నగా బుడగలొస్తున్నా, కుతకుతా తెర్లుతున్నా నీటి వేడి 100 డిగ్రీలే. కూరగాయ ముక్కకి ఈ రెండింటికీ తేడా తెలియదు. సిమ్‌లో పెట్టి మూతేస్తే ఉడకాల్సిన టైముకే ఉడుకుతుంది.

100 దాటాలంటే ఒత్తిడి పెంచాలి. అరకులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, లేహ్‌లో 88 దగ్గర. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి. ప్రెషర్ కుక్కర్ దీనికి అద్దంలో బొమ్మ. లోపల ఒత్తిడి బయటికన్నా దాదాపు రెట్టింపు అయ్యేలా వెయిట్‌ని తూచి పెడతారు. దాంతో నీళ్లు 120 డిగ్రీల దాకా పోతాయి. ఉడకడంలో జరిగే రసాయన చర్యలు పది డిగ్రీలకు సుమారు రెండింతలవుతాయనే మోటు లెక్క ఒకటుంది. ఆ ప్రకారం ఇరవై డిగ్రీలంటే నాలుగింతల వేగం. 1679లో లండన్‌లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త చూపించిన మొదటి ప్రెషర్ కుక్కర్ సూత్రం కూడా ఇదే. ఎముకలు సైతం మెత్తగా ఉడికించి చూపించాడాయన.

విజిల్ వచ్చిందంటే లోపల ఒత్తిడి చాలినంత అయిందని, మిగిలిన వేడి బయటికి పోతోందని అర్థం. మరి విజిల్స్ ఎందుకు లెక్కపెడతాం? గడియారం చూడకుండా టైము కొలుచుకోవడానికి. అది మంచి అలవాటే గానీ, పెద్ద మంట మీద మూడు విజిల్స్ చకచకా వచ్చేస్తాయి, సన్న మంట మీద అవే మూడింటికి పావుగంట పట్టొచ్చు. పప్పుకి కావాల్సింది విజిల్స్ కాదు, 120 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు. మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి ఏడెనిమిది నిమిషాలు చూసుకుంటే చాలు, అసలు రెండో విజిల్ రాకపోయినా పప్పు ఉడుకుతుంది. విజిల్‌కి పోయే ఆవిరి విలువ పైసల్లోనే ఉంటుంది, నిజమే. నష్టమంతా ఆ విజిల్స్ కోసం పెద్ద మంట మండించడంలో ఉంది.

స్టవ్ కట్టేశాక వెయిట్ ఎత్తి ఆవిరి వదిలెయ్యడం ఇంకో తొందరపాటు. అప్పటికే డబ్బు పెట్టి కొన్న వేడి అది. దాని మానాన వదిలేస్తే ఒత్తిడి దిగేదాకా పప్పు ఉచితంగా ఉడుకుతూనే ఉంటుంది. నానబెట్టడమూ ఇంతే. బద్ద మధ్యకి నీళ్లు చేరడానికి టైము పడుతుంది, ఆ టైము స్టవ్ మీద గడిస్తే ఖర్చు, గట్టు మీద గడిస్తే సున్నా. కందిపప్పుకి అరగంట చాలు. శనగలు, రాజ్మా అయితే రాత్రంతా. వాటిని నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వెయ్యండి. ఉప్పేస్తే ఉడకదని మనలో చాలామంది నమ్మకం, జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఉప్పులోని సోడియం తొక్కలో కాల్షియం ఉన్న చోట చేరి ముడి వదులు చేస్తుంది.

ఒకే మంట మీద అన్నం, పప్పు, కూర గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి వండుకోవడం మన కుక్కర్ల కన్నా పాత ఆలోచన. 1910లో బెంగాల్లో ఇందుమాధబ్ మల్లిక్ అనే ఆయన ఇక్మిక్ కుక్కర్ అని ఒకటి చేశాడు. క్యారియర్ లాంటి గిన్నెలు, అడుగున కాసిని బొగ్గులు, మూసేసి వదిలేస్తే ఆవిరికే అన్నీ ఉడికేవి. కుక్కర్లో అడుగున పోసే ఆ గ్లాసుడు నీళ్లకే మూడు గిన్నెల పని జరుగుతోందంటే, మూడు స్టవ్‌లు వెలిగించడం మానుకోవచ్చు.

చివరగా, ఇండక్షన్ చవకా, గ్యాస్ చవకా? ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలోక్యాలరీలు. ఇండక్షన్‌లో 85 శాతం దాకా గిన్నెకి చేరుతుంది. లెక్క వేస్తే ఒక సిలిండర్ చేసే పని సుమారు 128 యూనిట్ల కరెంటు చేస్తుంది. సిలిండర్ 900 అయితే ఒక యూనిట్ ఏడు రూపాయల దగ్గర రెండూ సరిసమానం. మీ సిలిండర్ ధరని 128తో భాగించుకుంటే మీ అంకె మీకొస్తుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించి సగటు తీస్తారు. మన దగ్గర కరెంటు శ్లాబుల్లో ఉంటుంది, వాడకం పెరిగేకొద్దీ తర్వాతి యూనిట్ల రేటు పెరుగుతుంది. ఇండక్షన్ కోసం వాడేవి ఉన్నవాటి మీద అదనపు యూనిట్లు కాబట్టి, బిల్లులో చిట్టచివరి శ్లాబు రేటు చూసుకోవాలి.

మా ఇంట్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ వల్ల బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుంది, అప్పుడు వంట గ్యాస్ మీద. చలికాలం కరెంటు కింది శ్లాబుల్లోనే ఉంటుంది కాబట్టి ఇండక్షన్ బయటికి తీస్తాం. పాత అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచెయ్యదని, అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నె కావాలని కొన్నాకే తెలిసింది. అలా కొత్త స్టీలు కుక్కర్‌కి పెట్టిన డబ్బు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. ఇంకో రెండు చలికాలాలు పట్టేట్టుంది.