భీమిలి దాకా నడక: అపోహలు – వాస్తవాలు

విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సుమారు పాతిక కిలోమీటర్లు. ఏటా చలికాలంలో ఈ దారిన జనాన్ని వెంటబెట్టుకుని నడిపిస్తుంటాను. ముందు రోజు ఫోనులో వినే మాటలు ఏటా అవే.

అపోహ: సముద్రపు గాలి ఉండగా ఎండ ఏం చేస్తుంది?

ఎండకన్నా ఉక్కతోనే చిక్కు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన తీరాన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గాని త్వరగా ఆరదు. అందుకే డిసెంబరులోనూ తెల్లవారుజామున ఐదింటికే కదులుతాం. ఎండ ముదిరేసరికి తొట్లకొండ దాపులకు చేరి, మూడింటి దాకా నీడపట్టున కూర్చుంటాం. ఓపిక మిగిలినవారు కొండెక్కి, బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిపించిన తొట్లు చూసి వస్తారు. ఆ కొండ పేరు వాటి వల్ల వచ్చిందే.

అపోహ: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. దాహానికి తగినంత తాగండి, నడుమ ఉప్పు వేసిన మజ్జిగ పుచ్చుకోండి. కొబ్బరి బొండాం మంచిదే, కాని అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అదొక్కటే చాలదు.

అపోహ: ఇంత దూరానికి కొత్త బూట్లు కొనాలి.

నేనూ కొన్నాను. రుషికొండ చేరేసరికి రెండు మడమలకూ బొబ్బలు లేచి, నా వెంట వచ్చినవాళ్లు భీమిలి వెళితే నేను ఆటోలో ఇంటికి వెళ్లాను. అరిగినా సరే, అలవాటైన బూట్లే మేలు. తడిసిన మేజోళ్లు మార్చుకోవడానికి ఇంకో జత సంచిలో ఉండాలి.

అపోహ: రోడ్డుకన్నా ఇసుకలో నడక సుఖం.

మెత్తని ఇసుకలో సుమారు రెండింతల శక్తి ఖర్చవుతుంది. రోడ్డు మీదే నడవండి, కాలిబాట లేనిచోట కుడి పక్కన. ఎదురొచ్చే బండి కంటబడాలి కదా. వెళ్లేటప్పుడు సముద్రమూ అటే ఉండటం మన అదృష్టం.

అపోహ: సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాడికి ఇదో లెక్కా?

అది 32 కిలోమీటర్లు, నిజమే. కాని అక్కడ చాలామంది రాత్రి చల్లబడ్డాక నడుస్తారు, అడుగడుగునా మంచినీళ్లు, పులిహోర అందించే చేతులుంటాయి. ఇక్కడ మీ సంచిలో ఉన్నదే మీది.

అపోహ: మధ్యలో బస్సెక్కితే పరువు పోతుంది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ప్రతిసారీ ఒకరిద్దరు కుంటుతూ, అడగలేక నా ముఖం చూస్తారు. దిబ్బల అంచున నిలబడవద్దని, అది విరిగిపడే మట్టి అని మిగతావాళ్లకు చెప్పి, వీళ్లను భీమిలి వెళ్లే 900కె బస్సు ఎక్కించేస్తాను. భీమిలిలో మా అందరికీ టీ చెప్పి ఉంచేది వాళ్లే.