ఇంట్లో కట్టుకున్న డిజిటల్ ఆడియోలో స్విచింగ్ రొద: అపోహలు - వాస్తవాలు

పాట ఆపాక కూడా స్పీకరులో సన్నగా వినిపించే కీచుశబ్దం, మౌస్ కదిపినప్పుడల్లా తీరు మార్చుకునే గరగర, ఎంతకీ ఆగని గుంయ్‌మనే హమ్: రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, ఒక డ్యాక్ (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే) బోర్డు, ఒక క్లాస్ డి (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) యాంప్లిఫయర్ కలిపి ఇంట్లోనే ఆడియో వ్యవస్థ కట్టుకున్న చాలామందికి ఇవి పరిచయమే. వీటి నివారణకు ప్రచారంలో ఉన్న సలహాలు పూర్తిగా అబద్ధాలు కావు, సగం నిజాలు. అందుకే అవి డబ్బు ఖర్చు చేయిస్తాయి గాని రొదను తగ్గించవు. ఇటువంటి బోర్డులు తయారుచేయడం, బాగుచేయడం నా వృత్తి కాబట్టి, నేను తరచూ వినే అపోహలను కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: అడాప్టరు 65 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతుంది (అంటే కరెంటును సెకనుకు 65 వేల సార్లు వేసి తీస్తుంది), మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు, కనుక ఆ రొద వినిపించే అవకాశమే లేదు.

వాస్తవం: రెండు అంకెలూ సరైనవే, ముగింపే తప్పు. లోడు బాగా తక్కువగా ఉన్నప్పుడు నేటి అడాప్టర్లు విద్యుత్తు ఆదా కోసం నిరంతరంగా స్విచ్ కావడం మాని, కొన్ని పల్సులు కొట్టి కాసేపు ఊరుకుని మళ్ళీ కొన్ని పల్సులు కొడతాయి. ఆ గుంపుల మధ్య విరామమే వినికిడి పరిధిలోకి వచ్చి పడుతుంది. 50 మిల్లీ ఆంపియర్లు కూడా తీసుకోని డ్యాక్‌కు 3 ఆంపియర్ల అడాప్టరు తగిలిస్తే రొద తగ్గకపోగా పెరగడానికి ఇదే కారణం. ఒకే సప్లై మీద రెండు బక్ కన్వర్టర్లు (వోల్టేజీని తగ్గించే స్విచింగ్ సర్క్యూట్లు) ఉంటే, అవి రెండూ 150 కిలోహెర్ట్జ్ రకమే అయినా కచ్చితంగా ఒకే చోట ఉండవు. ఒకటి 150 దగ్గర, ఇంకొకటి 152 దగ్గర నడిస్తే వాటి తేడా అయిన 2 కిలోహెర్ట్జ్ ఈలగా బయటికి రావచ్చు. బోర్డులు వేడెక్కేకొద్దీ ఆ ఈల శ్రుతి మెల్లగా జారుతుంటే అనుమానించవలసింది ఈ కన్వర్టర్లనే.

యూఎస్‌బీది మరో దారి. ఫుల్ స్పీడ్ యూఎస్‌బీలో ప్రతి మిల్లీ సెకనుకు ఒక ఫ్రేము, హై స్పీడ్‌లో ప్రతి 125 మైక్రో సెకన్లకు ఒక మైక్రో ఫ్రేము వెళుతుంది. ఆ లయకు తగ్గట్టే చిప్పులు కరెంటును గుక్కలు గుక్కలుగా తీసుకుంటాయి. డ్యాక్ అవుట్‌పుట్‌ను మంచి సౌండ్ కార్డుతో రికార్డు చేసి స్పెక్ట్రమ్ చూసినప్పుడు 1 కిలోహెర్ట్జ్ దగ్గరా దాని గుణిజాల దగ్గరా, లేదా 8 కిలోహెర్ట్జ్ దగ్గరా నిటారు గీతలు కనిపిస్తే, అడాప్టరు మార్చడం దండగ.

అపోహ: సప్లైకి పెద్ద కెపాసిటరు తగిలిస్తే స్విచింగ్ రొద పోతుంది.

వాస్తవం: 150 కిలోహెర్ట్జ్ దగ్గర 1000 మైక్రోఫారాడ్ల కెపాసిటరు రియాక్టెన్సు (మారే కరెంటుకు చూపే అడ్డు) సుమారు ఒక మిల్లీ ఓమ్ మాత్రమే, సాధారణ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరులో ఉండే ఈఎస్‌ఆర్ (అంతర్గత నిరోధం) అంతకు పదుల రెట్లు. అంటే అక్కడ అడ్డుపడుతున్నది ఈఎస్‌ఆరే గాని కెపాసిటెన్సు కాదు, 1000 తీసేసి 4700 పెట్టినా చెప్పుకోదగ్గ మార్పు రాదు. కావలసింది ముందు ఒక ఇండక్టరు. 22 మైక్రోహెన్రీల ఇండక్టరు, 100 మైక్రోఫారాడ్ల ఎలక్ట్రోలిటిక్ కలిస్తే కటాఫ్ (అంతకు మించిన ఫ్రీక్వెన్సీలను అణచడం మొదలయ్యే చోటు) 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. 150 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ ఇండక్టరు ఒక్కటే 20 ఓమ్‌ల అడ్డుగోడ. ఇక్కడ ఎలక్ట్రోలిటిక్ ఈఎస్‌ఆర్ ఒక మేలు కూడా చేస్తుంది: ఫిల్టరు తన సొంత ఫ్రీక్వెన్సీ దగ్గర మోగకుండా అణచిపెడుతుంది. అందుకని ఉత్త సిరామిక్ కెపాసిటర్లతో ఎల్‌సీ (ఇండక్టరు-కెపాసిటరు) ఫిల్టరు కట్టవద్దు. ఎలక్ట్రోలిటిక్ పక్కన చిన్న సిరామిక్ ఒకటి చేర్చండి. ఫెర్రైట్ బీడ్ (అధిక ఫ్రీక్వెన్సీ రొదను ఆపే చిన్న భాగం) ఈ పనికి రాదు. దాని మీద రాసే ఓమ్‌లు 100 మెగాహెర్ట్జ్ దగ్గరవి. 150 కిలోహెర్ట్జ్‌కు అది మామూలు తీగతో సమానం. స్విచింగ్ అంచుల్లో పుట్టే పదుల మెగాహెర్ట్జ్ మోతకు మాత్రం అదే సరైన మందు.

అపోహ: పవర్ బ్యాంకు అంటే బ్యాటరీయే కనుక అందులో స్విచింగ్ ఉండదు.

వాస్తవం: లోపలి సెల్లు 3.7 వోల్టులది, బయటికి వచ్చేది 5 వోల్టులు. మధ్యలో ఉన్నది వోల్టేజీని పెంచే స్విచింగ్ బూస్ట్ కన్వర్టరే. పవర్ బ్యాంకు పెట్టగానే హమ్ పోయిందంటే, పరికరాల గ్రౌండుల మధ్య మెయిన్స్ గుండా ఏర్పడిన లూపు తెగిందని అర్థం.

అపోహ: అన్ని అడాప్టర్లూ తీసేసి లీనియర్ (స్విచింగ్ లేని) సప్లై పెడితే సమస్య తీరుతుంది.

వాస్తవం: రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీదనే ప్రాసెసరుకు కావలసిన తక్కువ వోల్టేజీలు తయారుచేసే స్విచింగ్ రెగ్యులేటర్లు ఉన్నాయి, 5 వోల్టులు ఎంత స్వచ్ఛంగా ఇచ్చినా అవి తమ పని తాము చేసుకుపోతాయి. అయితే నేను చూసే కేసుల్లో ఎక్కువ వాటికి మూలం సప్లై నాణ్యత కాదు, గ్రౌండు దారి. యాంప్లిఫయరుకు 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) పెట్టి, అందులోంచే ఒక బక్ మాడ్యూలుతో రాస్ప్‌బెర్రీ పైకి 5 వోల్టులు తీసుకోవడం మనవాళ్ళకు బాగా అలవాటు. అప్పుడు రాస్ప్‌బెర్రీ పై నుంచి సప్లై నెగటివ్‌కు తిరిగి వెళ్ళవలసిన డిజిటల్ కరెంటుకు రెండు దారులు దొరుకుతాయి: ఒకటి బక్ నెగటివ్ తీగ, రెండోది డ్యాక్‌ను యాంప్లిఫయరుకు కలిపే ఆర్‌సీఏ ఆడియో కేబుల్ షీల్డు (బయటి లోహపు తొడుగు). షీల్డులో పారిన కరెంటు దాని నిరోధం మీద చిన్న వోల్టేజీని పుట్టిస్తుంది, యాంప్లిఫయరు దాన్ని పాటలో భాగంగానే భావించి పెంచుతుంది. లెక్క వేసి చూడండి: 2.1 వోల్టుల అవుట్‌పుట్, 112 డెసిబెల్‌ల ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్‌కూ రొదకూ నిష్పత్తి) ఉన్న పీసీఎం 5102ఏ వంటి డ్యాక్ సొంత రొద 5 మైక్రోవోల్టులకు కాస్త ఎక్కువ. షీల్డు, కనెక్టర్లు కలిపి 50 మిల్లీ ఓమ్‌లు ఉండి, అందులో కేవలం పావు మిల్లీ ఆంపియరు పారినా 12.5 మైక్రోవోల్టులు చేరతాయి. డ్యాక్ మీద పెట్టిన డబ్బంతా ఆ షీల్డులోనే పోయినట్టు.

దీనికి చవకైన పరిష్కారం రాస్ప్‌బెర్రీ పైకి విడిగా ఒక అడాప్టరు, లేదా ఐసొలేటెడ్ (రెండు వైపుల గ్రౌండులను విడదీసే) డీసీ-డీసీ మాడ్యూలు. అంతకన్నా నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది. టీపీఏ 3116 వంటి యాంప్లిఫయరు చిప్పులకు ప్రతి చానెల్‌కూ పాజిటివ్, నెగటివ్ అని రెండు ఇన్‌పుట్‌లు ఉంటాయి. చవక బోర్డుల్లో నెగటివ్ ఇన్‌పుట్‌ను కెపాసిటరు ద్వారా బోర్డు గ్రౌండుకే కట్టేస్తారు. ఆ కెపాసిటరు గ్రౌండు కొసను లేపి, అక్కడినుంచి ఒక తీగను డ్యాక్ గ్రౌండుకు తీసుకెళ్ళి, సిగ్నల్ తీగతో కలిపి మెలిపెడితే, రెండు గ్రౌండుల మధ్య ఉన్న తేడాను చిప్పే చాలావరకు తీసివేస్తుంది. రెండు ఇన్‌పుట్‌ల కెపాసిటర్లూ ఒకే విలువలో ఉండాలి. యూఎస్‌బీ డ్యాక్ అయితే ఐసొలేటరు, దూరం ఎక్కువైతే టాస్‌లింక్ (కాంతితో సంకేతాన్ని పంపే) కేబులు ఇదే పనిని మరో విధంగా చేస్తాయి.

అపోహ: మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుంది.

వాస్తవం: పోవచ్చు. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున క్యాబినెట్ మీదికి 230 వోల్టులు వస్తాయి, ఆర్‌సీఏ షీల్డు ద్వారా అది హెడ్‌ఫోన్ దాకా చేరుతుంది. ఈ సలహా ఎవరు ఇచ్చినా పాటించవద్దు. రెండు పిన్నుల అడాప్టరు మీద నడిచే పరికరం లోహభాగాన్ని తాకితే చెయ్యి జివ్వుమనడం, టెస్టరు సన్నగా వెలగడం వేరే విషయం. అది అడాప్టరు లోపల మెయిన్స్ వైపును అవుట్‌పుట్ వైపుతో కలిపే వై కెపాసిటరు ద్వారా వచ్చే స్వల్ప లీకేజీ. పరికరాలన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపి, సిగ్నల్ కేబుళ్ళను పొట్టిగా ఉంచితే దాని ప్రభావం చాలావరకు తగ్గుతుంది.

అపోహ: పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద అనలాగ్ గ్రౌండును, డిజిటల్ గ్రౌండును తప్పనిసరిగా చీల్చాలి.

వాస్తవం: చీలిక మీదుగా ఒక్క క్లాక్ ట్రాక్ వెళ్ళినా దాని రిటర్న్ కరెంటు చుట్టూ తిరిగి రావలసి ఉంటుంది, ఆ లూపే యాంటెన్నా అవుతుంది. చిన్న బోర్డుల్లో ఒకే అఖండమైన గ్రౌండు ప్లేను ఉంచి, డిజిటల్ భాగాలను ఒక వైపు, అనలాగ్ భాగాలను ఇంకొక వైపు అమర్చడమే మేలు.

అపోహ: ఆసిలోస్కోపులో కనిపించే స్పైకులన్నీ సప్లైలో ఉన్నవే.

వాస్తవం: ప్రోబుకు వేలాడే జానెడు గ్రౌండు తీగ, కన్వర్టరు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని తానే పట్టుకుంటుంది. ప్రోబు మొనను, దాని క్లిప్పును కొలవబోయే చోటి గ్రౌండు బిందువుకే రెండింటినీ తాకించి చూడండి. స్పైకులు అప్పుడూ కనిపిస్తే అవి ప్రోబువే. క్లిప్పు తీసేసి, ప్రోబు మొన దగ్గర స్ప్రింగు గ్రౌండు తొడిగి, కెపాసిటరు రెండు కాళ్ళ మీదే నేరుగా కొలిచిన తరువాతే ఫిల్టరు విలువలు నిర్ణయించండి.